ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎవరికి ఏం కనిపిస్తుంది

ఉద్యోగంలో చేరిన రోజే ల్యాప్‌టాప్, చార్జర్, ఐడీ కార్డు చేతికిచ్చి ఒక పాలసీ పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ పత్రాన్ని పూర్తిగా చదివేవాళ్లు అరుదు. అందులో ఎక్కడో ఒకచోట, కంపెనీ పరికరాల మీద జరిగే పనులన్నిటినీ గమనించే హక్కు సంస్థకు ఉందన్న వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చాటున ఏమేం జరగొచ్చో తెలియకపోవడం వల్ల కొందరు అక్కర్లేని భయాలు పెట్టుకుంటారు, కొందరు అసలే పట్టించుకోరు. కెమెరాకి స్టిక్కర్ అంటించుకున్న మనిషే అదే ల్యాప్‌టాప్‌లో బ్యాంకు ఖాతా, ఆధార్ పీడీఎఫ్, వాట్సాప్ వెబ్ బార్లా తెరిచి పెట్టుకుంటాడు.

చూసే కళ్లు మూడు చోట్ల ఉంటాయి: మిషన్‌లో, నెట్‌వర్క్‌లో, ఖాతాలో.

మిషన్‌లో ఉండేదాన్ని ఐటీ వాళ్లు ఏజెంట్ అంటారు. ఏ ప్రోగ్రాం ఎన్ని గంటలకు మొదలైంది, దాన్ని ఏ ప్రోగ్రాం పిలిచింది, ఏ ఫైలును తాకింది, ఏ సర్వరుతో మాట్లాడింది, ఏ పెన్‌డ్రైవ్ పెట్టారు అన్నవి రాసుకుంటూ పోవడం దాని పని. ఇది మిషన్ లోపలే కూర్చుంటుంది కాబట్టి ఆఫీసు వైఫై వదిలి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారినా ఒరిగేదేమీ లేదు. ఇన్‌కాగ్నిటో విండో సంగతీ అంతే. అది బ్రౌజరులో హిస్టరీ మిగలకుండా చేస్తుంది గానీ ఏజెంట్ కళ్లకు గంతలు కట్టదు.

నెట్‌వర్క్ వైపు చూస్తే రెండు స్థాయులున్నాయి. మామూలుగా హెచ్‌టీటీపీఎస్ సైట్ (రాకపోకల సమాచారానికి తాళం వేసి పంపే సైటు) తెరిస్తే దారిలో ఉన్నవాళ్లకు సైటు పేరు మాత్రమే తెలుస్తుంది, లోపల ఏ పేజీ చదివారో, ఏం టైపు చేశారో తెలియదు. కానీ చాలా సంస్థలు మధ్యలో ఒక ప్రాక్సీని, అంటే రాకపోకలన్నీ తన గుండా సాగే సర్వరును, కూర్చోబెట్టి, ఆ తాళాన్ని అక్కడ తీసి, లోపల చూసి, మళ్లీ తాళం వేసి పంపిస్తాయి. మీ ఆఫీసులో ఈ ఏర్పాటు ఉందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది. క్రోమ్‌లో ఏదైనా మామూలు సైటు తెరిచి, అడ్రస్ పట్టీకి ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, కనెక్షన్ సెక్యూర్ అన్న వరుసలోకి వెళ్లి సర్టిఫికెట్ తెరవండి. దాన్ని ఎవరు జారీ చేశారో అక్కడ రాసి ఉంటుంది. గూగుల్ సైటుకి గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ అని ఉండాల్సిన చోట జీస్కేలర్, నెట్‌స్కోప్ లాంటి తనిఖీ సాఫ్ట్‌వేర్ కంపెనీల పేరో, మీ కంపెనీ పేరో కనిపిస్తే తాళం మధ్యలో తీస్తున్నారన్నమాట. బ్యాంకు, ఆస్పత్రి సైట్లను ఈ తనిఖీ నుంచి మినహాయించడం చాలాచోట్ల ఆనవాయితీ. అది మీ ఆఫీసులో ఉందో లేదో కూడా అదే పద్ధతిలో మీ బ్యాంకు సైటు తెరిచి చూసుకోవచ్చు.

ఖాతా అంటే ఆఫీసు మెయిల్, టీమ్స్ లేదా స్లాక్ చాట్, వన్‌డ్రైవ్. ఇద్దరి మధ్య జరిగిన చాట్ కదా, డిలీట్ చేశాం కదా అనుకుంటారు. సంస్థ రిటెన్షన్ పాలసీ (మెసేజ్‌లను ఇంతకాలం దాచాలన్న నియమం) పెట్టి ఉంటే, డిలీట్ చేసిన టీమ్స్ మెసేజ్ ప్రతి ఒక్కటీ యూజరుకు కనిపించని ఫోల్డరులోకి పోయి గడువు తీరేదాకా అక్కడే ఉంటుంది. ఆఫీసు చాట్‌లో మేనేజరును తిట్టి తుడిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఇక వాట్సాప్ వెబ్. దాని ఎన్‌క్రిప్షన్ దారి పొడవునా ఉంటుంది, అందులో అనుమానం లేదు. స్క్రీన్ మీదికి వచ్చేసరికి అది మామూలు అక్షరాలే. స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంటి గొడవలు కూడా కంపెనీ సర్వరులో పడతాయి.

ఇదంతా వింటే గూఢచర్యంలా ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, దొంగను పట్టే పరికరమూ ఉద్యోగిని కాపు కాసే పరికరమూ ఒకటే. మిషన్‌లో ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టా, విండోస్ సెక్యూరిటీ లాగ్‌నే తీసుకోండి. లాగిన్ అయితే 4624 అన్న నంబరుతో, తప్పు పాస్‌వర్డ్ కొడితే 4625తో నమోదవుతుంది. ఆడిట్ సెట్టింగ్ పెట్టి ఉంటే స్క్రీన్ లాక్ చేసినప్పుడు 4800, తెరిచినప్పుడు 4801 పడతాయి. రాత్రి రెండు గంటలకు వరసగా నలభై 4625లు, వాటి వెనకే ఒక 4624 కనిపిస్తే ఎవరో పాస్‌వర్డ్ ఊహించి లోపలికొచ్చారని అనుమానించాలి. అదే ఫైలులో 4800కి, 4801కి మధ్య ఎంతసేపో లెక్క వేస్తే ఫలానా అమ్మాయి భోజనానికి ఎన్ని నిమిషాలు వెళ్లిందో వస్తుంది. లాగ్ మారలేదు, దాన్ని తెరిచిన మనిషి, తెరిచిన కారణం మారాయి. ఆఫీసు గోప్యత మీద జరిగే వాదన అంతా ఈ తేడా దగ్గరే తిరగాలి. లాగ్ అసలు ఉండకూడదన్న వాదన నిలబడదు.

ఎందుకు నిలబడదో హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా ఆన్‌లైన్‌లో తరలించుకుపోయారు. దానికి విత్తనం 2021 నవంబరులోనే పడిందని పోలీసులు తేల్చారు. బ్యాంకు ఉద్యోగులకు 200 దాకా ఫిషింగ్ మెయిళ్లు, అంటే నమ్మించి వల వేసే మెయిళ్లు, వచ్చాయి. ఇద్దరు తెరిచారు. దాంతో వాళ్ల కంప్యూటర్లను దూరం నుంచి నడిపే ప్రోగ్రాం లోపలికి చేరింది. అన్నిటి మీదా అధికారమిచ్చే సూపర్ యూజర్ హక్కులు పది మందికి ఉండటం దొంగలకు కలిసొచ్చింది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది. మెయిల్ తెరిచిన రోజుకీ డబ్బు పోయిన రోజుకీ మధ్య రెండు నెలలున్నాయి. ఆ రెండు నెలల్లో ఎవరైనా లాగ్ చదివి ఉంటే జాడ దొరకడానికి అవకాశం ఉండేది. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ డిఫాల్ట్ సైజు 20 ఎంబీయే. అది నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. అందుకే వాటిని ఎప్పటికప్పుడు వేరే సర్వరుకి పంపించాలి. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లను 180 రోజులు దాచాలన్నదీ, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలన్నదీ ఉన్నాయి.

కాబట్టి గమనించడం తప్పదు. దారి తప్పేది ఆ తర్వాతే. భద్రత కోసం కొన్న సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌ఆర్‌కి ఒక డాష్‌బోర్డు కూడా వస్తుంది. ఉచితంగా వచ్చింది కదా అని తెరుస్తారు. మరుసటి నెల నుంచి "యాక్టివ్ అవర్స్", అంటే మిషన్ మీద కదలిక కనిపించిన గంటలు, మీటింగుల్లో చర్చకొస్తుంది. డెస్క్‌టాప్‌లో మౌసు, కీబోర్డు అయిదు నిమిషాలు కదలకపోతే టీమ్స్‌లో పచ్చ చుక్క పసుపు రంగులోకి మారుతుంది. కాగితం మీద డిజైన్ గీసుకుంటున్న ఇంజనీరు, క్లయింటుతో ఫోన్‌లో మాట్లాడుతున్న సపోర్టు ఉద్యోగి, కునుకు తీస్తున్న మనిషి, ముగ్గురూ ఆ పసుపు చుక్క కింద ఒక్కటే. కొలత తప్పయినప్పుడు జనం కొలతకు తగ్గట్టు నటిస్తారు. మౌసును కదిలిస్తూ ఉండే జిగ్లర్లు అలా పుట్టినవే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో కీబోర్డు పని నటించారన్న ఆరోపణ మీద డజను మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. ఇక్కడ కొనేవాళ్లకు ఒక మాట: యూఎస్‌బీలో గుచ్చే జిగ్లర్ తన తయారీదారు నంబరును, ఉత్పత్తి నంబరును మిషన్‌కి చెప్పుకునే లోపలికి వెళుతుంది. ఏజెంట్ రాసుకునే మొదటి విషయం అదే. మౌసును పైన పెట్టి తిప్పే పళ్లెం లాంటివి ఆ జాడ వదలవు గానీ, గంటల తరబడి ఒకే వాటంలో కదిలి ఒక్క క్లిక్ కూడా పడకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. దొరికినవాడి నటన తప్పే. అయితే పని ఫలితం చూడటం చేతగాక మౌసు కదలికను చూసిన మేనేజరు బాధ్యత కూడా తక్కువేం కాదు.

మైక్రోసాఫ్ట్‌కి ఈ పాఠం 2020లో ఎదురైంది. ప్రొడక్టివిటీ స్కోర్ పేరుతో ఎవరు ఎన్ని మెయిళ్లు పంపారు, ఎన్ని రోజులు చాట్ వాడారు అన్నది పేర్లతో సహా చూపించే ఏర్పాటు తెచ్చి, విమర్శలు రాగానే డిసెంబరు మొదట్లో పేర్లు తీసేసి సంస్థ స్థాయి లెక్కలకు పరిమితం చేసింది. ఒక టీమ్‌కి మీటింగులు ఎక్కువవుతున్నాయని తెలుసుకోవడానికి ఫలానా మనిషి పేరు అక్కర్లేదు.

పోగేసినది ఏదో ఒకరోజు బయటపడుతుందన్న సంగతి కూడా మరిచిపోతారు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎం దుస్తుల సంస్థకు ఒక సర్వీస్ సెంటర్ ఉంది. సెలవు నుంచి వచ్చిన ఉద్యోగులతో అక్కడి సూపర్‌వైజర్లు కుశల ప్రశ్నల్లా మాట్లాడి, జబ్బులు, ఇంటి గొడవలు, మత విశ్వాసాలు అన్నీ కంప్యూటర్లో రాసిపెట్టుకునేవారు. అవి 50 మంది దాకా మేనేజర్లకు అందుబాటులో ఉండేవి. 2019 అక్టోబరులో ఒక సెట్టింగ్ తప్పు వల్ల ఆ నోట్సు కొన్ని గంటలపాటు కంపెనీ మొత్తానికి కనిపించాయి. సంగతి అలా రచ్చకెక్కింది. హాంబర్గ్ డేటా రక్షణ అధికారి 2020లో 3.53 కోట్ల యూరోల జరిమానా వేశారు. ఆ నోట్సు రాయకపోయి ఉంటే లీకవడానికి ఏమీ ఉండేది కాదు. స్క్రీన్‌షాట్లు తీసి దాచే సంస్థలు ఈ కోణంలో ఆలోచించడం లేదు. పది నిమిషాలకొకటి చొప్పున తీస్తే ఎనిమిది గంటల షిఫ్టులో ఒక్క మనిషికి 48 బొమ్మలు. వాటిలో క్లయింటు డేటా, జీతం స్లిప్పు, తెరిచి ఉన్న పాస్‌వర్డ్ ఏదైనా పడొచ్చు. దొంగకు ఇంతకన్నా మంచి గిడ్డంగి దొరకదు.

చట్టం ఎంతవరకు అడ్డుపడుతుంది? ఐరోపాలో దిక్సూచిలాంటి తీర్పు ఒకటుంది. రుమేనియాకి చెందిన బార్బులెస్కు అనే ఇంజనీరు, క్లయింట్లతో మాట్లాడటానికి కంపెనీ తెరిపించిన యాహూ మెసెంజర్ ఖాతాలో తన సోదరుడితో, పెళ్లి చేసుకోబోయే అమ్మాయితో మాట్లాడాడు. 2007లో కంపెనీ ఆ మాటలను 45 పేజీల ప్రింటు తీసి ముందు పెట్టి, ఉద్యోగం పీకేసింది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మొదట కంపెనీ వైపే మొగ్గింది. 2017 సెప్టెంబరు 5న ఆ న్యాయస్థానపు పెద్ద ధర్మాసనం, గ్రాండ్ చాంబర్, ఆ తీర్పును తిరగరాసింది. సొంత పనులకు వాడొద్దని ఉద్యోగికి చెప్పారు గానీ, మాటల్లోని విషయాన్ని కూడా చదువుతామని ముందుగా చెప్పారా? ఇంతలోతుగా చదవాల్సిన కారణం ఉందా? తక్కువ చొరబాటుతో పని జరిగేది కాదా? ఈ ప్రశ్నలకు రుమేనియా కోర్టులు జవాబు వెతకలేదని ఆ న్యాయస్థానం తప్పుపట్టింది.

మన దగ్గర 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టేసే హక్కు. ప్రైవేటు కంపెనీకి వర్తించేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఉద్యోగులు ఈ చట్టంలో చదవాల్సింది 7వ సెక్షన్‌లోని ఐ క్లాజు. ఉద్యోగ అవసరాల కోసం, సంస్థను నష్టం నుంచి, రహస్యాల చోరీ నుంచి కాపాడుకోవడం కోసం ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని డేటాను వాడుకోవచ్చని అది చెబుతుంది. తలుపు చాలా వెడల్పుగా తీసి పెట్టినట్టే. భోజనం నిమిషాలు లెక్కపెట్టడం ఈ తలుపులోంచి దూరుతుందా లేదా అన్నది కోర్టులు తేల్చాల్సి ఉంటుంది. అయితే అదే చట్టం డేటాను భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా జరిమానా అంటోంది. స్క్రీన్‌షాట్ల గిడ్డంగి నడిపేవాళ్లు ఈ రెండో సగం కూడా చదవాలి.

సరైన పాలసీ పత్రానికి రెండు పేజీలు చాలు. ఏ సాఫ్ట్‌వేర్ ఏమేం నమోదు చేస్తుంది, ఎన్ని రోజులు ఉంచుతారు, ఒక మనిషి లాగ్ తెరవాలంటే ఎవరు రాతపూర్వకంగా అడగాలి, ఎవరు ఒప్పుకోవాలి అన్నవి ఉంటే సరి. అడ్మిన్ ఒక్కడే ఏ మెయిల్‌బాక్సయినా తెరవగలిగే ఏర్పాటు ఉండకూడదు. తెరిచిన ప్రతిసారీ అది కూడా ఒక లాగ్‌లో పడాలి, ఆ లాగ్‌ను అడ్మిన్ చెరపలేని చోట పెట్టాలి. ఈ చివరి ముక్క మీద డబ్బు పెట్టే సంస్థలు తక్కువ.

డేటా బయటికి పోకుండా ఆపే డీఎల్‌పీ సాఫ్ట్‌వేర్ల దగ్గర చికాకు వేరే రకం. ఆధార్ నంబరున్న ఫైలు బయటికి పంపొద్దని రూల్ పెడతారు. రూల్ రాసినవాడు పన్నెండు అంకెలుంటే ఆధారే అనుకుంటాడు. యూపీఐ లావాదేవీ నంబరు కూడా పన్నెండు అంకెలే. దాంతో అకౌంట్స్ విభాగం లెక్కలు సరిచూసి పంపే ప్రతి రీకన్సిలియేషన్ షీటూ ఆగిపోతుంది. రోజుకి వంద తప్పుడు అలర్టులు వస్తే చూసేవాడు వారంలో విసిగిపోయి అన్నీ ఒకేసారి క్లోజ్ చేస్తాడు. అసలు దొంగతనం ఆ గుట్టలో పోతుంది. ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలు కాదు, చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కకట్టి వేసే తనిఖీ అంకె. ఈ రెండు షరతులు చేర్చి, పక్కన ఆధార్, యూఐడీ లాంటి మాట కూడా ఉండాలని పెడితే గోల చాలావరకు తగ్గుతుంది.

ఉద్యోగి వైపు నుంచి జరిగే పెద్ద పొరపాటు, సొంత జీమెయిల్‌తో ఆఫీసు క్రోమ్‌లో సైన్ ఇన్ అయి సింక్ నొక్కడం. రెండు వైపులా నీళ్లు కలిసిపోతాయి. ఇంటి పాస్‌వర్డులు ఆఫీసు డిస్క్‌లోకి, ఆఫీసు పాస్‌వర్డులు ఇంటి ఖాతాలోకి చేరతాయి. 2022 మే నెలలో సిస్కోలోకి దొంగలు జొరబడింది ఈ దారినే. ఒక ఉద్యోగి సొంత గూగుల్ ఖాతా వాళ్ల చేతికి చిక్కింది, అందులో సింక్ అయిన కంపెనీ పాస్‌వర్డ్ దొరికింది. ఆ తర్వాత ఫోన్‌లో మాయమాటలు చెబుతూ, లాగిన్‌ను ఒప్పుకోమని అడిగే అప్రూవ్ నోటిఫికేషన్లు పదే పదే పంపి ఒకటి నొక్కించారు. ఇప్పుడు ఫోన్‌లోని మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్, లాగిన్ స్క్రీన్ మీది రెండంకెల నంబరు కొట్టమని అడిగేది ఇలాంటి దాడుల వల్లే. మీరు లాగిన్ అవ్వకుండా ఆ నంబరు అడిగిందంటే పాస్‌వర్డ్ అప్పటికే ఎవరి చేతిలోనో ఉందనుకోవాలి. కాదని నొక్కి ఊరుకోకుండా పాస్‌వర్డ్ మార్చాలి, ఐటీకి టికెట్ వేయాలి.

సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటే భయపడేవాళ్లకు: ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు పడితే అది వర్క్ ప్రొఫైల్. కంపెనీకి ఆ గది మాత్రమే కనిపిస్తుంది, తుడిచినా ఆ గదినే తుడుస్తుంది, మీ ఫొటోలు దానికి అందవు. ఫోన్ మొత్తాన్ని కంపెనీ అజమాయిషీలో పెట్టమని, ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదలుపెట్టమని అడిగితే మాత్రం ఆఫీసు ఫోన్ ఇమ్మని అడగడం మేలు.

పెద్ద కంపెనీల కబుర్లు ఇక్కడికి చాలు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక ఆడిటర్ గారి ఆఫీసుకి వెళితే డేటా రక్షణ అసలు రూపం బల్ల సొరుగులో కనిపిస్తుంది. రబ్బరు బ్యాండు చుట్టిన పాతిక ముప్పై డీఎస్‌సీ డోంగిళ్లు (క్లయింటు డిజిటల్ సంతకం ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరాలు), ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో క్లయింటు పేరు, కొన్నిటి మీద పిన్ కూడా. పిన్ రాయనివాటికి డోంగిల్‌తో వచ్చిన 12345678 పనిచేస్తుంది, ఎందుకంటే ఎవరూ మార్చలేదు. ఆ డోంగిల్‌తో కంపెనీ రిజిస్ట్రార్‌కి ఫారాలు వెళతాయి, టెండరు వేయొచ్చు, ఉద్యోగుల పీఎఫ్ కేవైసీ ఆమోదించొచ్చు. చట్టం దృష్టిలో అది యజమాని చేత్తో పెట్టిన సంతకమే. డైరెక్టరు రాజీనామా చేసినట్టు ఫారం వెళ్లిపోయాక, ఆ రోజు నేను ఊళ్లో లేనండీ అంటే కుదరదు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ఆ కీని తన అదుపులో ఉంచుకునే బాధ్యత సంతకందారు మీదే పెట్టింది. ఇంకొకరి డిజిటల్ సంతకాన్ని మోసంతో వాడితే 66సి కింద మూడేళ్ల దాకా జైలు. చిన్న గుమాస్తా చేత రోజూ పది మంది సంతకాలు పెట్టించే ఆఫీసు, ఆ కుర్రాడిని ఎంత ప్రమాదంలోకి నెడుతోందో ఆలోచించదు. ఏదైనా తేడా వస్తే మిషన్ దగ్గర కూర్చున్నది అతనే కదా.

దీనికి ఖర్చు లేని దారి ఉంది. డోంగిల్ చేతికొచ్చిన రోజే దాని టోకెన్ మేనేజరు ప్రోగ్రాం తెరిచి పిన్ మార్చాలి. వరసగా కొన్నిసార్లు తప్పు పిన్ కొడితే టోకెన్ (డోంగిల్) లాక్ అవుతుంది, కాబట్టి కొత్త పిన్‌ను ఇంట్లో భద్రమైన చోట రాసి పెట్టుకోవాలి. ఆడిటర్ గారు అడిగితే డోంగిల్ ఇచ్చి, పిన్ మాత్రం మీరే వెళ్లి కొట్టాలి. అంత తీరిక లేదంటారా, కనీసం ఏ రోజు ఏ ఫారానికి వాడారో ఒక పుస్తకంలో రాయించి నెలకోసారి చూడాలి. డోంగిల్ పోగొట్టుకుంటే, ఆ రోజే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పి రద్దు చేయించాలి. రద్దు కానంతవరకు దానితో పెట్టిన ప్రతి సంతకమూ చెల్లుబాటు అయ్యేదిగానే కనిపిస్తుంది.

చివరిగా, ఉద్యోగం మానేసే రోజుల సంగతి. నోటీస్ పీరియడ్‌లో ఉన్న మనిషి ఫైళ్ల కదలికలను ప్రత్యేకంగా చూసే ఏర్పాటు చాలా సంస్థల్లో ఉంది. పిల్లల ఫొటోల ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా లాగ్‌లో కనిపించేది పరిమాణం, ఫైళ్ల పేర్లు. ఐఎంజీ_2041 అన్న పేరు చూసి అది పాప పుట్టినరోజు ఫొటోనో, క్లయింటు స్క్రీన్ ఫొటోనో ఎవరూ చెప్పలేరు. రాజీనామా పెట్టాక సొంత ఫైళ్లు కావాలంటే మేనేజరుకి మెయిల్ రాసి, ఐటీ వాళ్ల ఎదుటే కాపీ చేయించుకోవాలి. రాజీనామాకి ముందే సొంతవి అక్కడ లేకుండా చూసుకుంటే ఈ తతంగమే ఉండదు. ల్యాప్‌టాప్ అప్పగించే ముందు ఫోన్‌లో వాట్సాప్ తెరిచి లింక్డ్ డివైసెస్‌లోంచి ఆ మిషన్‌ను తీసేయాలి, గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఆ పరికరాన్ని సైన్ అవుట్ చేయాలి, డిజిలాకర్, బ్యాంకు లాంటివి ఆ బ్రౌజరులో ఎప్పుడైనా తెరిచి ఉంటే వాటి పాస్‌వర్డులు సొంత ఫోన్ నుంచి మార్చుకోవాలి. అప్పగించినట్టు తేదీ, సీరియల్ నంబరుతో రసీదు తీసుకోవడం మరవకూడదు. ఆ మిషన్ మరుసటి వారం ఎవరి చేతికి వెళుతుందో, ఫార్మాట్ చేసి ఇస్తారో లేదో మీకు ఎవరూ చెప్పరు.